మూడో చరణం దగ్గర ఆగిపోయే కంప్యూటరు

క్రిస్మసుకు కట్టిన నక్షత్రం ఇంకా వరండాలోంచి దించని రోజులు. మొన్న ఒక పొద్దున్న, మంచు విడవక ఎదురింటి డాబా కూడా కంటికి ఆనని వేళ, కాశీబుగ్గలో మా ఇంటి ముందు గదిలో కంప్యూటరు ముందు కూర్చుని బటను నొక్కగానే బల్ల కిందనుంచి ఒక మూలుగు వినిపించింది. మొదట వీధిలో ఎవరో మోటారు సైకిలు స్టార్టు చేస్తున్నారనుకున్నాను. తర్వాత సన్‌షేడు మీద పావురం చేరిందనుకున్నాను. వంగి సీపీయూ డబ్బా మీద చెయ్యి వేస్తే అరచేతికి సన్నటి వణుకు తగిలింది. లోపల మదర్‌బోర్డు మీద, ప్రాసెసరును చల్లబరచడానికి బిగించే చిన్న ఫ్యాను అరిగిపోయింది. ఇరుసు వదులై, రెక్కలు ఒక పక్కకు ఒరిగి, తిరగలేక తిరుగుతున్న చప్పుడది. ఆ చప్పుడు నాకు తెలుసు. నా పెళ్ళికి ముందునుంచీ తెలుసు.

కాఫీ తెచ్చిన మా కోడలు ఆ మూలుగు విని నవ్వింది. “అత్తయ్యా, ఇంకా ఈ డబ్బా ఏటండీ? నా లాప్‌టాప్ తీసుకోండి. పనిచేస్తందో లేదో కూడా తెలీదు, అంత సైలెంటు” అంది. తెలియకపోవడమే నాకు భయం అనబోయి ఊరుకున్నాను. ఆ మాట అర్థం కావాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి, ఆ పిల్లకు వంటింట్లో పాలు పొంగుతున్నాయి.

మన తరంలో కంప్యూటరు అంటే చెప్పులు విప్పి లోపలికి వెళ్ళి చూడవలసిన వస్తువు. పలాసలో స్టేషనుకు వెళ్ళే దారిలో మా అన్నయ్యకు ఫోటో స్టూడియో ఉండేది. ఫిలిం రీళ్ళు ఇంకా పూర్తిగా పోలేదు, కంప్యూటర్లు ఇంకా పూర్తిగా రాలేదు, ఆ మధ్యకాలంలో అన్నయ్య విశాఖపట్నంలో ఎవరో వాడి వదిలేసిన మిషను ఒకటి కొనుక్కొచ్చి, దానికి పూలపూల గుడ్డతో ముసుగు కుట్టించి, అద్దాల తలుపు బిగించిన లోపలి గదిలో పెట్టాడు. నేను డిగ్రీ అయి ఖాళీగా ఉన్నాను. ఒక దినపత్రికకు మా ప్రాంతపు వార్తలు రాసే పెద్దాయన చేతిరాత కాగితాలు తెచ్చి ఇస్తే వాటిని తెలుగులో టైపు చేసి జిల్లా కేంద్రానికి పంపడం నా పని. అలా మొదలైన ఉద్యోగమే నన్ను తర్వాత శ్రీకాకుళం డెస్కు దాకా తీసుకెళ్ళి, ఇన్నాళ్ళు అన్నం పెట్టి, కళ్ళజోడు దళసరి చేసి ఇంటికి పంపింది.

ఆ మిషను మీద నా పని అక్షరాలు, అన్నయ్య పని ముఖాలు. ఉద్దానం ఊళ్ళనుంచి, అంటే సోంపేట, కంచిలి, మందస పక్కల కొబ్బరితోటల మధ్య ఊళ్ళనుంచి, జనం పోయినవాళ్ళ ఫోటోలు పట్టుకుని వచ్చేవారు. ఫోటోలంటే పెళ్ళి గుంపులో వెనక వరసలో సగం కనిపించే తల, లేదా రేషను కార్డు మీద ముద్ర పడిన ముఖం. అన్నయ్య ఆ తలను గుంపులోంచి జాగ్రత్తగా తప్పించి, నలిగిన చొక్కా స్థానంలో తెల్ల చొక్కా తొడిగి, చెదిరిన జుట్టు దువ్వి, వెనక నీలం తెర వేసి పటానికి సిద్ధం చేసేవాడు. అప్పటికే ఆ తోటల్లో కిడ్నీ జబ్బు ఇంటింటి మాట అయిపోయింది. మానిటరు మీద ఎప్పుడు చూసినా పోయినవాళ్ళెవరో ఒకరు మనవైపే చూస్తూ ఉండేవారు. ఒక పక్క వాళ్ళ ముఖం దిద్దుతుంటే ఇంకో పక్క దాని కింద ‘ప్రభువునందు నిద్రించిరి’ అనో ‘శివైక్యం’ అనో నేను కొట్టాలి. ఇరవై ఏళ్ళు దాటిన పిల్లకు రోజూ ఆ పని అలవాటైపోవడం మంచిదో కాదో ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

మిషనుకు మాత్రం ఆ గది పడేది కాదు. పలాస గాలి సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. జీడిపిక్కలు కాల్చే బట్టీల పొగలో నూనె ఉంటుంది. అది గోడల మీద, బట్టల మీద, పెరట్లో అరటాకు మీద కూడా సన్నటి జిడ్డుగా దిగుతుంది. కంప్యూటరు లోపలి ఫ్యాను రెక్కల మీద ఆ జిడ్డు చేరి, దాని మీద దుమ్ము చేరి కాటుకలా గడ్డకట్టేది. అన్నయ్య అప్పుడప్పుడు డబ్బా విప్పి పాత టూత్‌బ్రష్షుతో రుద్దేవాడు. నాలుగు రోజులు బాగుండేది, మళ్ళీ మూలుగు.

ఇక మా మావయ్య గురించి చెప్పాలి. మా నాన్న చెల్లెల్ని, అంటే మా అత్తను, కంచిలి దగ్గర ఒక ఊరికి ఇచ్చారు. మావయ్యకు కొంచెం కొబ్బరితోట, కొంచెం జీడితోట. మాదీ వాళ్ళదీ బాప్టిస్టు సంఘమే. ఆ ఊరి ప్రార్థన మందిరంలో పాట ఎత్తుకునేది మావయ్యే. ఆయన ఒక పాదం పాడితే జనం అందుకునేవారు. హార్మోనియం లేదు, డోలకు చినిగినప్పుడు అదీ లేదు, అయినా పాట నిలబడేది. జబ్బు మొదలై పాదాలు వాచి, ఊపిరి చాలకపోవడం మొదలయ్యాక ఒక పద్ధతి ఏర్పడింది. నాలుగు చరణాల కీర్తనలో మూడు ఆయన పాడి ఆగేవాడు. ఆడవాళ్ళ వైపునుంచి అత్త నాలుగోది ఎత్తుకునేది. ఎవరూ ఒకరికొకరు చెప్పుకున్నది కాదు. ఒక ఆదివారం ఆయన గొంతు ఆగిపోతే ఆవిడ గొంతు అందుకుంది, అంతే, ఆ తర్వాత ప్రతి ఆదివారం అలాగే.

ఆ ఏడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఇద్దరూ విశాఖపట్నం ఆసుపత్రినుంచి తిరిగి వస్తూ, ఊరికి పోయే పాసింజరుకు ఇంకా వేళ ఉందని స్టూడియోకి వచ్చారు. అన్నయ్య కొత్తగా మైకు కొన్నాడు. చిన్నపిల్లవాడు కొత్త బొమ్మ చూపించినట్టు అది చూపించి, పాడు మావా, ఇందులో ఎక్కిస్తాను అన్నాడు. మావయ్య సిగ్గుపడి, దగ్గి, చివరికి స్టూలు మీద నిటారుగా కూర్చుని తనకిష్టమైన కీర్తన పాడాడు. అత్త బయట వరండాలో సంచుల దగ్గర ఉండిపోయింది. ప్రయాణపు అలసటకు గోడకి జారబడి నిద్రపోయింది. అద్దాల తలుపు వేసి ఉంది, రోడ్డు మీద పిక్కల లారీలు పోతున్నాయి, మెలకువగా ఉన్నా వినిపించేది కాదు. పక్కన ఆవిడ లేదు కాబట్టి నాలుగో చరణం కూడా ఆయనే పాడుకున్నాడు. పాడాక మంచినీళ్ళు తాగి, ఏదో అడిగి, అన్నయ్య ఏదో చెబితే తృప్తిగా తలూపి లేచాడు. ఆ తర్వాత మళ్ళీ మా స్టూడియో మెట్టు ఎక్కలేదు. క్రిస్మసుకు ముందే పోయాడు.

మనిషి పోయాక ఇంటివాళ్ళ ఓదార్పుకు పెట్టే ఆదరణ కూడికలో అన్నయ్య అత్తతో, మావయ్య పాట నా దగ్గర ఉందత్తా అన్నాడు. కొత్త సంవత్సరం వచ్చాక ఒక మంగళవారం ఆవిడ తెల్లవారుతూనే దిగింది. కొబ్బరి ఈనెల చీపుర్లు కట్టలు కట్టి పాసింజరులో పలాస తెచ్చి ఒక దుకాణానికి ఇచ్చేది ఆవిడ, తోటలో మగదిక్కు పోయాక అదే ఆధారం. దుకాణం తెరిచేలోగా మా దగ్గరికి వచ్చేది. మామూలు రోజుల్లో స్టూడియో ఎండెక్కాక గాని తెరవం. ఆవిడ కోసం మంగళవారాలు మాత్రం అన్నయ్య మంచులోనే తాళం తీసేవాడు.

ఈలోగా ఫ్యాను సంగతి ఒకటి జరిగింది. మావయ్య పోయిన తర్వాత ఆ మూలుగు భరించలేనంత అయింది. పటాల కోసం వచ్చినవాళ్ళు ఉలిక్కిపడి బల్ల కిందికి చూసేవారు. ఫ్యాను మధ్యన అతికించి ఉండే కాగితం బిళ్ళ తీసి, ఇరుసులో ఒక చుక్క కుట్టుమిషను నూనె వేస్తే కొన్నాళ్ళు నడుస్తుందని ఎవరో చెప్పారు. ఇంట్లో కుట్టుమిషను నూనె అయిపోయింది. వదిన తలకు రాసుకునే కొబ్బరినూనె ఉంది, ఆవిడ పుట్టింటి తోటది, సొంతంగా ఆడించింది. మన ఉద్దానం మనిషి తలుపు బందు కిర్రుమన్నా, కత్తెర బిగిసినా, సైకిలు చెయిను పట్టేసినా, చెయ్యి కాలినా ఏం రాస్తాడో మీకు చెప్పనక్కరలేదు. అన్నయ్య కూడా అదే రాశాడు. మూలుగు ఠక్కున పోయింది. గది నిశ్శబ్దమైపోయింది. బాగయిందని అందరం సంతోషించాం.

మొదటి మంగళవారం అత్త స్టూలు మీద కూర్చుంది. మావయ్య కూర్చున్న స్టూలే. అన్నయ్య మిషను వేసి, అది మేలుకునేదాకా ఆగి, పాట పెట్టాడు. ఆయన గొంతు గదిలోకి రాగానే అత్త పైట కొంగు తల మీదికి లాక్కుంది. మొదటి చరణం, రెండోది, మూడోది. మూడో చరణం చివరి పాదం ముగిసిందో లేదో, టప్పున మానిటరు నల్లబడింది. గది చీకటి. ఆ చీకట్లోనే, ఏ తడబాటూ లేకుండా, ఆదివారం మందిరంలో అందుకున్నట్టే అత్త నాలుగో చరణం అందుకుంది. చివరిదాకా పాడింది. పాడి లేచి, చీపుర్ల కట్ట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది.

కరెంటు పోయిందేమోనని చూస్తే కరెంటు ఉంది. అరగంట ఆగి బటను నొక్కితే మిషను ఏమీ ఎరగనట్టు లేచి సాయంత్రందాకా పనిచేసింది.

మరుసటి మంగళవారం మళ్ళీ అదే చోట ఆగింది. ఆ పై మంగళవారమూ అంతే. నేను విలేకరుల దగ్గర పని నేర్చుకుంటున్న పిల్లని, చూసింది తప్ప రాయకూడదని రోజూ చెప్పించుకుంటున్నదాన్ని. చూసింది చెబుతున్నాను. ఒక మాట అటూ ఇటూగా, ప్రతిసారీ మూడో చరణం తర్వాతే ఆగింది. ఉండత్తా, అరగంటలో లేస్తుంది, మళ్ళీ పెడతాను అని అన్నయ్య ఒకసారి అంటే ఆవిడ చెయ్యి అడ్డంపెట్టింది.

“ఒద్దురా. ఎల్లిపోనోల్ని ఒకపాలి పిలవడమే ఎక్కువ. ఒక పొద్దున రెండుపాలు పిలిత్తే ఇసుక్కుంతారు” అంది. తర్వాత నావైపు తిరిగి, ఏదో ముచ్చట చెబుతున్నట్టు, “అక్కడికొచ్చేసరికి నాకొదిలీసినాడమ్మీ. ఎప్పుడూ ఒదిలీసీదే గదేటి” అంది.

ఆవిడ లేనప్పుడు ఆ పాట పెట్టుకుని వినడానికి మా ఇద్దరికీ మనసు ఒప్పలేదు. ఎవరిదో ఉత్తరం విప్పినట్టు అనిపించేది. మధ్యాహ్నం పూట ముఖాలు దిద్దుకునేవాళ్ళం, వార్తలు కొట్టుకునేవాళ్ళం, మిషను కిమ్మనేది కాదు. మంగళవారం పొద్దున్న, ఆ ఒక్క పాటకు మాత్రం ఆగేది. మనం నమ్మం అని పైకి అనుకుంటూనే అన్నయ్య లోపలి గదిలోకి ఒంటరిగా వెళ్ళడం తగ్గించాడు. నేను టైపు చేస్తూ వెనక స్టూలు వైపు తిరిగి చూడటం మొదలుపెట్టాను.

ఎదురుగా టీకొట్టు అతను మాకు వరసకు బావ. అతనికి ఈ సంగతి ఎలా తెలిసిందో గాని తెలిసింది. “ఏటి బావా, మీ మావ ఇంకా దిగనేదేటి ఆ డబ్బాలోంచి?” అని గ్లాసు అందిస్తూ అన్నయ్యను అడిగాడు. “నీ టీ తాగి పోనోళ్ళు ఎంతమంది ఇక్కడ తిరగతన్నారో ముందది సూసుకో” అన్నాడు అన్నయ్య. నలుగురూ నవ్వారు. నవ్వాక అతనే గొంతు తగ్గించి, పాస్టరు గారితో ఒకసారి ప్రార్థన చేయించకూడదా అన్నాడు. అన్నయ్య గ్లాసు ఖాళీ చేసి తిరిగిచ్చాడు.

చివరికి టెక్కలినుంచి మెకానిక్కుని పిలిపించాడు. ఆ అబ్బాయి బస్సు దిగి వచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది, అప్పటికి మిషను గుర్రంలా పరిగెడుతూ ఉండేది. రెండుసార్లు వచ్చి చూసి, వోల్టేజి బాగులేదని వెళ్ళిపోయాడు. మూడోసారి వచ్చి అరగంట తల గోక్కుని తీర్పు చెప్పాడు. “బోర్డు పోనాది సార్. మార్చీసి, డిస్కు ఫార్మేటు కొట్టీసి ఫ్రెష్‌గా ఎక్కించీద్దాం. ఇంక ఏటీ ఉండదు.” ఏమీ ఉండదా అని నేనడిగాను. “ఏటీ ఉండదండీ, క్లీనూ” అన్నాడు గర్వంగా. పాత ఫైళ్ళు ఉంచి చేయలేవా అంటే హామీ ఇవ్వలేనన్నాడు. సీడీ రాసే సదుపాయం ఆ మిషనులో లేదు. టేపురికార్డరు దగ్గర పెట్టి పాట ఎక్కించి ఇస్తానని అన్నయ్య అత్తతో అంటే ఆవిడ వింతగా చూసింది. “నకలేటిరా? మడిసికి నకలుంతాదేటి?” అంది.

ఆ మంగళవారం ఆవిడకు సంగతంతా చెప్పాం. మెకానిక్కు వస్తే పాట చెరిగిపోవచ్చునని చెప్పాం. “పోతే పోనీ. మడిసే పోనాడు” అని స్టూలు మీద కూర్చుంది. పాట ఎప్పటిలా మూడో చరణం దగ్గర ఆగింది. ఆవిడ మాత్రం ఎప్పటిలా అందుకోలేదు. తర్వాత, చిన్నపిల్ల అడిగినట్టు, “ఇంకోపాలి లేపగలవేటిరా? ఆకరిదాకా ఇనీసి ఎల్తాను” అంది. రెండుసార్లు పిలవకూడదన్న మనిషి అడిగిన మాట అది. అరగంట ఆగి అన్నయ్య బటను నొక్కాడు. లేవలేదు. ఇంకాసేపు ఆగి నొక్కాడు. లేవలేదు. పాసింజరు వేళయింది. ఆవిడ చెప్పులు వేసుకుంటూ, వచ్చే వారందాకా చెరపొద్దని మాత్రం చెప్పమంది. మెకానిక్కుకు అన్నయ్య కబురు పంపాడు. ఆ వారంలో మిషను పూర్తిగా చచ్చిపోతుందా, ఆవిడ ఆఖరి చరణం వింటుందా అన్నది తప్ప మా ఇద్దరికీ ఇంకో ధ్యాస లేదు.

రెండు రోజుల తర్వాత అనుకుంటాను, పొద్దున్న స్టూడియో మెట్ల మీద లేత ఎండ పడుతోంది. మా ఇల్లు స్టూడియో వెనకే. వదిన తల దువ్వుకోవడానికి ముందు నూనె సీసా తెచ్చి ఆ ఎండలో పెట్టి లోపలికి వెళ్ళింది. చలికాలమంతా పెట్టేది. మనందరి ఇళ్ళలోనూ పెట్టేవారు. సీసా లోపల నూనె తెల్లగా, నెయ్యిలా పేరుకుని ఉంది. టీ తాగుతున్న అన్నయ్య ఆ సీసా వైపు చూశాడు. చూస్తూ ఉండిపోయాడు. గ్లాసు మెట్టు మీద పెట్టి, సీసా తీసి తలకిందులు చేశాడు. ఒక్క చుక్క జారలేదు. లోపలికి పరిగెత్తాడు. నేను వెనకే వెళ్ళాను.

డబ్బా మూత విప్పి వేలితో ఫ్యాను రెక్క తోశాడు. మామూలుగా అయితే ఊదితే తిరగాలి. అది పేరిన నేతిలో గరిటెలా, తోసినంత మేర కదిలి ఆగిపోయింది. మధ్యన కాగితం బిళ్ళ పీకితే లోపలంతా తెల్లగా గడ్డకట్టిన కొబ్బరినూనె, దానికి పొగ మసి కలిసి అంచుల్లో బూడిదరంగు.

అప్పుడు ఒక్కొక్కటే అర్థమైంది. చలికి నూనె పేరుకునేది, ఫ్యాను తిరిగేది కాదు, ప్రాసెసరు వేడెక్కి మిషను తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయేది. ఒకే చలి, ఒకే వేళ, మిషను వేయగానే అదే పాట, అందుకే ఇంచుమించు ఒకే చోట ఆగేది. ఆగేలోగా పుట్టిన వేడికి నూనె కరిగి, అరగంట తర్వాత ఫ్యాను తిరిగేది. చలి మరీ ముదిరిన మొన్నటి మంగళవారం ఆ వేడి చాలలేదు, ఎండెక్కాక గాని మిషను లేవలేదు. మిగతా రోజుల్లో కొట్టు తెరిచేసరికే ఎండెక్కి ఉండేది. మంగళవారం మాత్రం మంచులో తెరిచేవాళ్ళం. మూలుగు ఆగిందని సంతోషించామే గాని, చప్పుడు లేదంటే తిరగడమే లేదని మాకు తట్టలేదు.

వదిన తలుపు దగ్గర నిలబడి, సగం దువ్విన జుట్టుతో లోపలికి తొంగిచూసింది. “నా సీసాలోదా? నా తలకే సాలకపోతే కంప్యూటరుకి తలంటినారేటి?” అంది. గ్లాసు కోసం వచ్చిన టీకొట్టు బావ ఊరుకుంటాడా, “జడ కూడా ఎయ్యండి, బాగుంతాది” అన్నాడు. అన్నయ్య నేల మీద కూర్చుని పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు, ఆ తుడుచుకోవడం నవ్వుకే కాదని నాకు తెలుసు. నాకూ ఒక బరువు దిగినట్టుంది, ఏదో పోగొట్టుకున్నట్టూ ఉంది. అంతవరకూ మావయ్య ఆ గదిలో ఉన్నాడు. ఇప్పుడక్కడ పేరుకున్న నూనె తప్ప ఏమీ లేదు.

టెక్కలి అబ్బాయే కొత్త ఫ్యాను తెచ్చాడు. నేను ముందే అనుకున్నానండీ అన్నాడు, ఎవరం కాదనలేదు. పాత ఫ్యాను వైరు బోర్డులోంచి ఊడదీసి, దాని కింద అల్యూమినియం దిమ్మను పట్టి ఉంచే కమ్మీని స్క్రూడ్రైవరుతో ఒత్తి తప్పించి, ప్రాసెసరు వేడిని దిమ్మకు అందించే పాత పూత ఎండిపోయి ఉంటే గుడ్డతో తుడిచి, ప్రాసెసరు మీద తెల్లటి కొత్త పూత పప్పుగింజంత పెట్టి, అన్నీ వెనక్కి బిగించాడు. కమ్మీ ఒత్తేటప్పుడు స్క్రూడ్రైవరు జారితే బోర్డు గీసుకుపోతుందని అన్నయ్య డబ్బాను కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. పాడైన బోర్డు కాదది, ఎండలో తిరిగి బతికింది. ఏదీ చెరపవలసిన అవసరం రాలేదు.

మంగళవారం అత్త వచ్చింది. జరిగింది చెప్పాం, తెల్లబడ్డ పాత ఫ్యాను చూపించాం. దాన్ని అరచేతిలో పెట్టుకుని వాసన చూసింది. “అయితే మీ మావ ఆపనేదన్నమాట” అంది. ఆ గొంతులో ఊరట కోసం వెతికాను. కనిపించలేదు.

అన్నయ్య పాట పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. మూడో చరణం చివరి పాదం ముగిసింది. అలవాటుగా అత్త నోరు తెరిచింది. మానిటరు వెలుగుతూనే ఉంది. నాలుగో చరణం మావయ్యే ఎత్తుకున్నాడు, కొంచెం వణుకుతూ, ఊపిరి వెతుక్కుంటూ. తెరిచిన నోరు ఆవిడ నెమ్మదిగా మూసుకుంది. పాట అయింది. అయిపోయిందని అన్నయ్య చెయ్యి చాచేలోగా స్పీకర్లలోంచి దగ్గు వినిపించింది. గ్లాసు కింద పెట్టిన చప్పుడు. తర్వాత మావయ్య గొంతు, పాట గొంతు కాదు, మామూలు గొంతు.

“మీ అత్త ఇన్నాదేటల్లుడూ? బాగున్నాదన్నాదేటి?”

అంతే. జవాబు లేదు. అన్నయ్య ఆనాడు రికార్డింగు ఆపే బటను ఆలస్యంగా నొక్కాడన్నమాట. ఆయన ఆ మాట అడిగినట్టు మా ఇద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది, అన్నయ్య ఏం చెప్పి సరిపెట్టాడో మాత్రం ఇద్దరికీ గుర్తులేదు. రికార్డింగులో ప్రశ్న తర్వాత కొన్ని క్షణాలు ఎవరి మాటా లేదు. పాత ఫ్యాను మూలుగు మాత్రం ఉంది. వానాకాలం నాటిది, నూనె పోయకముందుది. పాట వెనక కూడా మొదటినుంచీ ఉండే ఉంటుంది, మేం వినలేదు.

అత్త మానిటరు వైపు కాదు, బల్ల కిందికి, ఆ డబ్బా వైపు చూసింది. వరండాలో నిద్రపోయిన మధ్యాహ్నం ఆవిడకు గుర్తొచ్చిందని ఆ ముఖం చూస్తే తెలిసింది.

“ఇప్పుడిన్నాను గదయ్యా” అంది. కొంచెం ఆగి, “బాగున్నాది” అంది.

తర్వాతి మంగళవారాల్లో ఆవిడ చీపుర్లతో వచ్చేది, మెట్టు మీద కూర్చుని వదినతో కబుర్లు చెప్పేది, పాట పెట్టమని అడిగేది కాదు. ఏడాదికి మావయ్య జ్ఞాపకార్థ కూడిక పెట్టినప్పుడు మాత్రం ఆయన గొంతు మందిరంలో వినిపించాలంది. నకలు ఒప్పుకోదు కాబట్టి అన్నయ్య మొత్తం మిషనును బొంతలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని, కంచిలినుంచి ఆటోలో ఆ గుంతల దారిన తీసుకెళ్ళాడు. అత్త నన్ను పక్కకు పిలిచి, “మూడో సరణం అయిపోగానే ఆపీ అమ్మీ. తర్వాతది నాది” అంది. ఆపాను. ఆ నిశ్శబ్దంలో ఆవిడ అందుకుంది, ఆవిడ వెనక ఊరంతా అందుకుంది. ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ కూడికలో అదే పద్ధతి. మిషను పోయి సీడీ వచ్చింది, నకలు గురించి ఆవిడ పట్టు సడలింది, సీడీ పోయి పెన్‌డ్రైవు వచ్చింది. ఆపే వేలు మాత్రం నాదే.

అత్త పోయి కూడా కొన్నేళ్ళయింది. పెద్ద తుఫానుకు ఆ తోటలు నేలకొరిగాక పాత మందిరం తీసి స్లాబు వేశారు. కీబోర్డు ఉంది, పెద్ద స్పీకర్లు ఉన్నాయి, పిల్లలు ఫోనులో చూసి చక్కగా పాడుతున్నారు. తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఫోనులో ఒక పాట అయిపోతే దానంతటదే ఇంకోటి మొదలవుతుంది. మధ్యలో ఆగడమంటూ లేదు, ఆగినచోట ఎవరైనా అందుకోవలసిన పనీ లేదు. ఇప్పుడు పోయినవాళ్ళ ఫోటోలు గుంపు ఫోటోల వెనక వరసల్లో వెతకక్కరలేదు. ఎన్ని కావాలంటే అన్ని, నవ్వుతూ, నడుస్తూ, మాట్లాడుతూ. అన్నీ ఉన్నాయి గనక ఎవరూ తెరిచి చూడరు.

మొన్న ఆ మూలుగు విన్న పొద్దున్న నేను చాలా రోజుల తర్వాత ఆ పాట పెట్టాను. మావయ్య గొంతు వెనక ఆనాటి ఫ్యాను, బల్ల కింద ఈనాటి ఫ్యాను, రెండూ ఒకదానికొకటి బదులిస్తున్నట్టు మూలిగాయి. మూడో చరణం ముగియగానే నా వేలు దానంతటదే వెళ్ళి ఆపేసింది. ఎదురుచూశాను. గది మూలల్లో మంచు వెలుతురు తప్ప ఎవరూ లేరు. నాకు పాట రాదు. చివరికి మళ్ళీ నొక్కి మావయ్యనే పాడుకోనిచ్చాను. ఆయన పాడాడు, దగ్గాడు, అడిగాడు. జవాబు చెప్పవలసిన మనిషి ఎప్పుడో చెప్పేసింది గనక నేను మాట్లాడలేదు.

మర్నాడు రిపేరు అతను వచ్చాడు. డబ్బా పక్కకి పడుకోబెట్టి, పాత ఫ్యాను తీసి, కొత్తది బిగించి, మూత వేసి, బటను నొక్కి చెవి వంచి విన్నాడు. “బాగయిందమ్మా, ఇంక చప్పుడే నేదు” అన్నాడు.

మూత తీసి ఒకసారి చూడు నాయనా, తిరుగుతోందో లేదో అన్నాను.